కొల్లేటి గట్ల మధ్య ఒక బడికి మార్కులు వేయబోయిన రోజు

ఈ ప్రయాణం సరదాకి పెట్టుకున్నది కాదు. నేను తాడేపల్లిగూడెంలో ఇరవై ఆరేళ్లుగా లెక్కల పాఠాలు చెబుతున్నాను. పట్టుకున్న లెక్క తేలేదాకా నాకు అన్నం సయించదు. ఆ సంగతి తెలిసే కాబోలు, మేము ఏటా ఎంతో కొంత చందా ఇచ్చే ట్రస్టువాళ్లు ఈ ఫిబ్రవరిలో నాకొక పని అంటగట్టారు. కొల్లేటిలో ఒక లంక ఊళ్లో వాళ్లు నడిపే చిన్న బడి ఉంది. గుర్తింపు ప్రభుత్వానిది, భవనం పంచాయతీది, ఇద్దరు టీచర్ల జీతాలు ట్రస్టువి. ఆ ఒప్పందాన్ని మూడేళ్లకోసారి పొడిగిస్తారు. ఈసారి పొడిగించే ముందు బయటి మనిషి ఎవరైనా వెళ్లి, అక్కడ చదివే పిల్లలెవరు, ఎంతమంది ఉన్నారు, వాళ్లకి ఎంత వచ్చింది చూసి రావాలన్నారు. ఇచ్చిన ఫారం చివర మూడు గళ్లున్నాయి: కొనసాగించవచ్చు, గడువు ఇవ్వాలి, ఆపాలి. ఒకదాంట్లో టిక్కు పెట్టి సంతకం చేయాలి. 'ఆపాలి'లో పెడితే జూన్‌లో ఆ బడి తలుపు తెరుచుకోదు. ఒక్క పూటలో తేలిపోయే పనేగా అని ఒప్పుకున్నాను. ఇలాంటి పని మీద వెళ్లబోయేవాళ్లు నాలాగా తికమక పడకూడదని ఇదంతా రాస్తున్నాను. చివరిదాకా చదివాక మీరూ తికమక పడితే మాత్రం నన్ను అనొద్దు.

పొద్దున్న ఆరుంపావుకి ఇంట్లో బయల్దేరి గూడెం స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాను. ఏలూరుకి టికెట్టు పదిహేను రూపాయలు. ఉంగుటూరు చుట్టుపక్కల రెండో పంటకి వేసిన దాళ్వా నాట్లు పచ్చగా నిలదొక్కుకున్నాయి. బండిలో కూర్చుని ఒకటి నుంచి ఐదు తరగతులకి నేనే తయారుచేసిన ప్రశ్నపత్రాలు మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నాను, మొత్తం అరవై. ఏలూరులో దిగి స్టేషను ఎదుట రెండు ఇడ్లీలు, ఒక పెసరట్టు తినేసరికి ఏడున్నర దాటింది. అక్కడే నాగేశ్వరరావుగారనే ఆయన ఆటో మాట్లాడుకున్నాను. రోజంతటికీ పద్నాలుగు వందలన్నాడు. లంకల్లోకి బస్సులు ఉన్నాయి కానీ తిరుగు బస్సుని నమ్ముకుంటే ఆ రాత్రి అక్కడే పడుకోవాల్సి వస్తుంది, కాబట్టి మీరు కూడా ఆటోయే మాట్లాడుకోండి.

"లంకలో బడికాండి? గవర్మెంటు బడాండి, కాన్వెంటాండి?" అని అడిగాడు చాటపర్రు దాటుతుండగా.

"రెండూ కాదండి."

"రెండూ కాకపోతే ఏవవుద్దండి మరి?"

నేను వివరించబోయాను. గుర్తింపు వాళ్లది, జీతాలు వీళ్లవి అంటూ సగం చెప్పేసరికి నాకే అర్థం కావడం మానేసింది. "పోన్లెండి, పిల్లలైతే ఉంటారు కదండీ" అన్నాడాయన.

శ్రీపర్రు దాటాక వరిచేలు అయిపోయి చేపల చెరువులు మొదలవుతాయి. రోడ్డుకి రెండువైపులా నీళ్లే, మధ్యలో గట్లు, గట్ల మీద కాపలా పాకలు. ఒకచోట పంటు ఎక్కాలి. రెండు పడవలు జోడించి పైన చెక్కలు పరిచినది, ఆటోతో సహా దాటిస్తుంది. మనిషికి పది, ఆటోకి నలభై తీసుకున్నారు. బడి దగ్గరికి చేరేసరికి తొమ్మిదిన్నర. ఊరి పేరు రాయడం లేదు, కమిటీ ఇంకా నిర్ణయం చేయలేదు కాబట్టి.

వస్తున్నట్టు ముందుగా చెప్పలేదు. చెబితే అంతా ముస్తాబు చేసి చూపిస్తారని నా అనుమానం. దానికి తగ్గట్టే హెడ్‌మిస్ట్రెస్ పద్మావతిగారు బడిలో లేరు. రెండో టీచరు పురిటి సెలవులో ఉన్నారట. వంట చేసే వీరమ్మగారు పొయ్యి దగ్గరనుంచే సమాధానం చెప్పింది. "పట్టుబడుందండి. మేడంగారు గట్టు మీదకెళ్లేరు. మధ్యాన్నానికి వచ్చేత్తారు."

చెరువులో చేపలు పట్టించి లారీలకెత్తే రోజుని పట్టుబడి అంటారు. బడి వదిలేసి చేపలు చూడ్డానికి వెళ్లడమేమిటని నాకు ఒళ్లు మండింది. పిల్లలు మాత్రం అల్లరి చేయడం లేదు. హాల్లో మూడు పొడుగాటి వరసల్లో కూర్చుని ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు. రిజిస్టరులో నలభై ఒక్క పేర్లు, ఎదురుగా ముప్ఫై ఎనిమిది మంది. ఫరవాలేదు. గది ఒకటే ఉన్న చిన్న బళ్లలో ఒకటీ రెండూ తరగతులు మొదటి వరసలో, మూడో తరగతి మధ్యలో, నాలుగూ ఐదూ చివరి వరసలో కూర్చోవడం నేను చాలాచోట్ల చూశాను. ఎవరినీ అడక్కుండా ఆ ప్రకారమే పత్రాలు పంచేశాను. మొదటి వరసలో నా భుజం దాకా వచ్చే అమ్మాయిలు ముగ్గురున్నారు. పాపం, ఇంత వయసొచ్చినా రెండో తరగతి దాటలేదే అని జాలిపడ్డాను కూడా.

ఫలితం చూస్తే నా బుర్ర తిరిగిపోయింది. మొదటి వరస పది నిమిషాల్లో పత్రాలు తెచ్చిచ్చేసింది, ఒక్క తప్పు లేదు. రెండో వరసకి సగం సగం వచ్చింది. ఐదో తరగతి అనుకున్న మూడో వరసలో చాలామంది పేరు కూడా రాయలేదు. ఒక చిన్నది నా పత్రం వెనక చక్కగా కొంగ బొమ్మ వేసిచ్చింది. అంటే ఈ బడిలో చేరినప్పుడు పిల్లలకి అన్నీ వచ్చు, ఏళ్లు గడిచేకొద్దీ వచ్చింది కూడా పోతోంది. నా సర్వీసులో ఇలాంటి బడిని చూడలేదు. మార్కుల కాగితం ఫోటో తీసి, సిగ్నలు కోసం మేడ మెట్లెక్కి, ట్రస్టు సెక్రటరీగారికి పంపాను. రెండు నిమిషాల్లో ఆయన ఫోను.

"చాలా అన్యాయంగా ఉందండి. ఐదో తరగతివాళ్లకి పేరు రాయడం రాకపోతే ఇంకేం చూస్తాం? ఆపేద్దామండి. మీరు టిక్కు పెట్టేయండి, కమిటీకి నేను చెబుతాను."

"సరేనండి" అన్నాను. అన్నానని ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

పన్నెండున్నరకి భోజనాల గంట కొట్టారు. వీరమ్మగారు గరిటె పట్టుకుని నిలబడి, "ఒకటో వరస ముందు రండర్రా" అని పిలిచింది. భుజం దాకా వచ్చే అమ్మాయిలు ముందు కూర్చున్నారు, చంటి పిల్లల్లాంటివాళ్లు వెనక ఆకలితో ఎదురుచూస్తున్నారు.

"చిన్నపిల్లలకి కదండీ ముందు పెట్టాలి?" అన్నాను.

"ఒకటో వరసోళ్లు ఇంకో నెలలో ఎల్లిపోతారు కదండీ. ఆళ్లు బేగా తిని మళ్లీ కూకుని చదూకోవాలండి. మేడంగారి రూలండి అది."

"వెళ్లిపోవడమేమిటండి? ఎక్కడికి?"

వీరమ్మగారు నన్ను వింతగా చూసింది. "చెరువు పట్టేత్తే ఇంకా ఇక్కడేవుంటదండి ఆళ్లకి?"

అప్పుడే పద్మావతిగారు వచ్చారు. నలభై అయిదేళ్లుంటాయి. మోకాళ్ల దాకా బురద, చేతిలో ఒక నోటుబుక్కు. నేనెవరో తెలిసి, కాళ్లు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. ఈ పిల్లల్లో ఎక్కువమంది చెరువుల కాపలాదారుల పిల్లలు. నల్లజర్ల వైపు మెట్ట ఊళ్ల నుంచి మొగుడూ పెళ్లాలు పిల్లలతో సహా వచ్చి గట్టు మీద పాకలో ఉంటారు. చెరువులో పిల్ల చేప వేసినప్పుడు వస్తారు, పట్టుబడి అవగానే వెళ్లిపోతారు. మళ్లీ ఇంకెక్కడో ఇంకో చెరువు.

"తరగతులు రిజిస్టరులో ఉంటాయండి. కూర్చోబెట్టేది మాత్రం చెరువుని బట్టండి. రెండు నెలల్లో పట్టే చెరువు పిల్లలు ఒకటో వరస. ఆరు నెలలుంటే రెండో వరస. కొత్తగా చేప వేసిన చెరువులవాళ్లు మూడో వరసండి. వాళ్లకింకా ఏడాది ఉంది కదండీ, ముందు బడంటే భయం పోవాలి. రేటు పెరిగితే చెప్పకుండా ముందే పట్టేస్తారు. అందుకే వారానికోసారి గట్లన్నీ తిరిగి కనుక్కుంటాను. ఇవాళ ఒక చెరువు అలాగే పట్టేశారండి, ముగ్గురు పిల్లలు వెళ్లిపోయారు."

రిజిస్టరులో ఉండి హాల్లో లేని ముగ్గురూ వాళ్లేనన్నమాట. నేను ఐదో తరగతి పత్రం ఇచ్చింది బడికొచ్చి నెల కూడా కాని పిల్లలకి. సెక్రటరీగారికి పంపించింది ఆ మార్కులు. వీరమ్మగారు పెట్టిన కంచం పక్కన పెట్టేశాను. మేడ మెట్లెక్కి మళ్లీ ఫోను చేశాను, సిగ్నలు వచ్చి పోతూ ఉంది.

"పొద్దున ఒక మాటా మధ్యాహ్నం ఒక మాటా అయితే ఎలాగండి?" అన్నారాయన. "వరసలూ చెరువులూ మన ఫారంలో లేవు కదండీ. ఉన్న గళ్లు నింపి తీసుకురండి, చాలు."

సరే, మిగిలిన పత్రాల్లోంచి పదిహేడుమందికి వయసుని బట్టి మళ్లీ పంచాను. ఒకటో వరసలో పెద్దపిల్లలకి ఐదో తరగతి పత్రం ఇచ్చాను. పాఠం గడగడా చదివారు, ప్రశ్నలకి జవాబులు సొంత మాటల్లో రాశారు. లెక్కల దగ్గరకొచ్చేసరికి కూడికలూ తీసివేతలూ సరే, గుణకారం అంతంత మాత్రం, భాగహారం పూర్తిగా ఖాళీ. లెక్కల టీచరుని, నాకు చురుక్కుమంది.

"భాగహారం చెప్పరాండి?"

"చెబుతానండి. అది వచ్చేదాకా ఏ చెరువూ ఆగదండి. అందుకని ముందు చదవడం నేర్పేస్తాను. చదవడం వస్తే మిగతాది ఎక్కడైనా నేర్చుకుంటారని ఆశండి."

ఇక ఫారంలో అసలు గడి: గత ఏడాది నుంచి కొనసాగుతున్న విద్యార్థులు. లెక్కపెడితే ఐదుగురు, అందరూ ఆ ఊరివాళ్లే. ఇది మంచి బడో కాదో నాకు నిజంగా అర్థం కాలేదు. చదవడం బాగా వచ్చినవాళ్లు వచ్చినట్టే వెళ్లిపోతారు. ఏ రోజు ఎవరు వచ్చి చూసినా చదవడం రానివాళ్లే ఎక్కువమంది కనిపిస్తారు. వెళ్లినవాళ్లకి ఆ వచ్చింది మిగిలిందో లేదో తెలియకుండా నేను దేనికి మార్కు వేయాలి? అదే మాట ఆవిడని అడిగాను.

"నాకూ తెలీదండి" అన్నారు పద్మావతిగారు. "వెళ్లేటప్పుడు ఏ చెరువుకెళ్తున్నారో రాసుకుంటాను. తర్వాత వెళ్లి చూడాలనే ఉంటదండి. ఇక్కడ బడి వదిలి ఎలా వెళ్లనండి?" నోటుబుక్కు తెరిచి చూపించారు. నిండా పిల్లల పేర్లు, పక్కన చెరువుల గుర్తులు. దసరాకి ముందు వెళ్లిపోయిన దుర్గ అనే అమ్మాయి పేరు పక్కన కైకలూరు రోడ్డులో ఒక వంతెన గుర్తు రాసి ఉంది. నాగేశ్వరరావుగారిని పిలిచి చూపిస్తే, పదహారు కిలోమీటర్లుంటదండి, తిరిగెళ్లేప్పుడు చుట్టు తిరిగి చూసుకుపోదామండి అన్నాడు.

ఆటో ఎక్కుతుంటే పద్మావతిగారు దగ్గరికొచ్చి అడిగారు. "ఏవండీ, ఆపేస్తారాండి?"

నేను ఫారం మడిచి సంచిలో పెట్టేసుకున్నాను.

"ఆపేసేటట్టయితే ఇప్పుడే చెప్పెయ్యండి. మూడో వరసవాళ్లని కూడా రేపే ఒకటో వరసలో కూర్చోబెట్టేస్తాను. జూన్ దాకా నాలుగు నెలలుంటది కదండీ, చదవడం వచ్చేస్తది."

ఆవిడ నన్ను బతిమాలలేదు. అది నాకు ఇంకా కష్టమనిపించింది. "సాయంత్రానికి ఫోను చేస్తానండి" అని మాత్రం అనగలిగాను.

మూడున్నరకి ఆ వంతెన దగ్గర ఆటో ఆపి, గట్టు మీద అర కిలోమీటరు నడిచాం. ఎండలో వెళ్తే గొడుగు ఉండాలి, గట్ల మీద ఎక్కడా నీడ లేదు. పాక ముందు దుర్గ వాళ్లమ్మ సత్యవతి చేపల మేత సంచులు ఆరేస్తోంది. పద్మావతిగారు చెప్పగా వచ్చామనగానే పీట వేసి మంచినీళ్లిచ్చింది. దుర్గకి పదేళ్లుంటాయి. ఇక్కడికొచ్చాక బడికి వెళ్లడం లేదట. దగ్గర్లో ఉన్న బడికి వెళ్లాలంటే లారీలు తిరిగే రోడ్డు మీద నాలుగు కిలోమీటర్లు నడవాలి.

"చదువుతావామ్మా కొంచెం?" అని ఐదో తరగతి పత్రం ఇచ్చాను. ఒక మేత సంచి మడిచి ఒళ్లో పెట్టుకుని దాని మీద రాసింది. రెండుచోట్ల ఆగింది కానీ చదివింది. జవాబులు రాసింది. భాగహారం వదిలేసింది. చెరువులో కలిపే మందు ప్యాకెట్ల మీద ఎకరానికి ఎంతో ఇప్పుడు ఆ పిల్లే చదివి వాళ్ల నాన్నకి చెబుతోందని సత్యవతి అంది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో గొప్ప దాచుకుందామన్నా దాగలేదు. నాకూ సంతోషమైంది. ఆ వెంటనే, ఇంత వచ్చిన పిల్ల అయిదు నెలలుగా సంచులు ఆరేస్తోందే అని దిగులూ వేసింది. ఇది బడి గెలుపో, ఓటమో, అసలు ఎవరిదో తేల్చుకోలేకపోయాను.

పత్రం దిద్దుతూ తలవంచుకుని ఉన్నాను, సత్యవతి ఎటు వెళ్లిందో చూడలేదు. తలెత్తేసరికి గట్టు మీదనుంచి ముగ్గురు ఆడవాళ్లు పిల్లల్ని నడిపించుకొస్తున్నారు. పక్క పాకలవాళ్లట. పిల్లలు ఏడుగురు. అందరి మొహాలూ తడిగా ఉన్నాయి, ఒకరిద్దరి జుట్టు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. వచ్చి పాక ముందు నా ఎదురుగా వరసగా కూర్చున్నారు. దుర్గ లేచి వెళ్లి వాళ్లని ఎత్తుని బట్టి సర్ది తను చివర కూర్చుంది.

సత్యవతి నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది. "ఇక్కడ బడి పెడతన్నారని చెప్పేనండి అందరికీ. రేపట్నించేనాండి?"

నా చేతిలో పెన్ను, తెరిచిన సంచిలో ప్రశ్నపత్రాలు, బడి ముద్ర ఉన్న ఫారం ఉన్నాయి. అవి చూసి అలా అనుకుంది, తప్పేముంది? పద్మావతిగారి బడిని మూసే కాగితం పట్టుకుని తిరుగుతున్నానని ఎలా చెప్పను? ఏం చేయాలో తోచక ఒక్కొక్కళ్లనీ పేరు, వయసు అడిగి తెల్లకాగితం మీద రాసుకున్నాను. ఒక తల్లి తన పిల్ల పేరు సరిగ్గా రాశానో లేదో చూడమని దుర్గకి చెప్పింది. దుర్గ చూసి, సరిపోయిందండి అంది. నాగేశ్వరరావుగారు వెనక్కి తిరిగి చెరువుకేసి చూస్తూ నిలబడ్డాడు. పెట్టడం నా చేతుల్లో లేదండి, అడుగుతాను అని చెప్పి లేచాను. అలాగేనండి, అడగండి అన్నారు ముగ్గురూ.

ఏలూరులో ఆరున్నర బండి దొరికింది. దెందులూరు దాటేలోగా ఫారం నింపేశాను. కొనసాగుతున్నవారు ఐదుగురు, భాగహారం రాదు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే రాశాను. దుర్గ పత్రం జతచేశాను. కొనసాగించవచ్చు అన్న గడిలో టిక్కు పెట్టి, పద్మావతిగారికి ఫోను చేసి దుర్గ రెండుచోట్ల ఆగినా చదివిందని చెప్పాను. "రెండు చోట్లేనాండి ఆగింది?" అని మాత్రం అడిగారు.

నేను పెట్టిన టిక్కు సరైనదేనా అంటే, ఇవాళ్టికీ నాకు పూర్తి నమ్మకం లేదు. ఇరవై ఆరేళ్లుగా పిల్లలు ఒకేచోట కూర్చుని ఉంటే ఎంత నేర్చుకున్నారో కొలవడం మాత్రమే నాకు తెలుసు. పిల్లలు కదిలిపోతూ ఉంటే ఎలా కొలవాలో నాకు రాదు, మా ఫారానికీ రాదు. భాగహారం రాకుండా ఒక పిల్లని పంపించేయడం నా మనసు ఒప్పుకోదు. చదవడం కూడా రాకుండా పంపించడం అంతకంటే ఒప్పుకోదు. ఫారం ఫోటోలు రాత్రే ఫోనులో పంపాను, మర్నాడు పొద్దున్నే సెక్రటరీగారు ఫోను చేశారు. "ఫారం అందిందండి. వెనక కాగితంలో ఏడుగురి పేర్లు రాశారు, వీళ్లు మన బడి పిల్లలేనాండి?" కాదన్నాను. మన బడి వాళ్లకి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉందన్నాను. "మరెందుకు రాశారండి?" అని విసుక్కున్నారు. మొహాలు కడుక్కుని వచ్చి కూర్చున్నారండీ, అందుకని రాశాను అన్నాను. ఆయన ఆ ఏడు పేర్లూ ఫోనులోనే పైకి చదివారు. చదివాక, ఆ కాగితం కూడా కమిటీలో పెడతానన్నారు.

మీలో ఎవరైనా ఇలాంటి పని మీద ఆ వైపు వెళ్తుంటే ఒక్క మాట. ప్రశ్నపత్రాలు రిజిస్టరులో ఉన్న పేర్ల లెక్కన పట్టుకెళ్లకండి, దానికి రెట్టింపు, ఆపైన ఇంకో ఇరవై తీసుకెళ్లండి. నేను అరవై పట్టుకెళ్లాను. రెండుసార్లు పంచాక, ఆ గట్టు మీద ఏడుగురూ చేతులు చాపేసరికి నా సంచిలో మిగిలినవి నాలుగే.